పచ్చబొట్టు తీసేయొద్దు మాస్టారూ

మేం నలుగురం కలిసి రాస్తున్నాం ఇది. ఇద్దరిది వేలేరుపాడు మండలం, ఒకరిది కుక్కునూరు, ఒకరిది బుట్టాయగూడెం. నలుగురమూ కోయవాళ్లమే. ఒకరు ఏలూరులో చదువుతున్నారు, ఒకరు తాడేపల్లిగూడెంలో ఫొటో స్టూడియోలో పని చేస్తున్నారు, మిగతా ఇద్దరం పిల్లలకి పాఠాలు చెబుతున్నాం. తాడేపల్లిగూడేన్ని ఈ పక్క అందరూ ఉత్త 'గూడెం' అంటారు. మాకేమో గూడెమంటే మా ఇళ్లున్న చోటు. బస్సులో ఎవరైనా "ఏ ఊరు బాబూ" అంటే "గూడెం" అంటాం. "గూడెంలో ఎక్కడ, స్టేషన్ దగ్గరా?" అంటారు. అవుననేసి ఊరుకోవడం అలవాటైపోయింది.

మా దగ్గర ఒక పాత కెమెరా, మూడు ఫోన్లు ఉన్నాయి. వీలు దొరికినప్పుడల్లా వాటితో మేం తీసేది ఒక్కటే రకం ఫొటోలు. జాతరల్లో, గుడి వీధుల్లో, యాత్రికులు తిరిగే చోట్ల పరదా కింద కూర్చుని మనుషుల మొహాలు గీసేవాళ్ల ఫొటోలు. ఊళ్లోవాళ్లే అడుగుతారు: "అడవుంది, గోదారుంది, పాపికొండలున్నాయి. అవన్నీ వదిలేసి పెన్సిల్ పట్టుకున్నోడి ఫొటోలేంటిరా?"

అడవినీ గోదారినీ తీసేవాళ్లకి కొదవ లేదు. ఆటపాకకి వెళ్లి చూడండి. కొల్లేట్లో పెలికాన్లు గూళ్లు కట్టే కాలంలో చేతి పొడవు లెన్సులు పట్టుకుని ఎంతమంది వస్తారో. మనుషుల్ని తీసేవాళ్లకీ కొదవ లేదు. పాపికొండల పడవలు ఆగే పేరంటపల్లి మా వేలేరుపాడు మండలంలోదే. గుడి చూసి తిరిగొచ్చే దారిలో కొండరెడ్ల ఆడవాళ్లు వెదురుతో చేసిన పూలు, బొమ్మలు పెట్టుకుని అమ్ముతారు. పడవ దిగినవాళ్లలో కొనేవాళ్ల కన్నా ఫొటో తీసుకునేవాళ్లే ఎక్కువ. "ఇటు చూడమ్మా", "ఆ పువ్వు కొంచెం పైకెత్తు", "నవ్వొద్దు, మామూలుగా ఉండు". నొక్కుతారు, పడవెక్కుతారు. ఆ ఫొటో ఏ ఊరు పోయిందో, దాని కింద ఏం రాశారో ఆమెకి ఎప్పటికీ తెలియదు.

ఇది కొత్తగా వచ్చిన అలవాటు కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతంలోని కులాల గురించి, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల తలలు, ముక్కులు పరికరాలతో కొలిచాడు, ఫొటోలు తీయించాడు. ఆ తర్వాత హైమండార్ఫ్ వచ్చాడు. వియన్నాలో పుట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఉండిపోయి, 1941లో పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగాడు, 1945లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. ఆయన్ని మేం థర్‌స్టన్‌తో ఒక గాటన కట్టం. గోండుల భూముల కోసం, చదువుల కోసం నిజాం సర్కారులో పని చేసిన మనిషి. మార్లవాయిలో ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటారు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, ఇంటర్నెట్‌లోనూ చూడొచ్చు. ఒక రాత్రి నలుగురం ఒకే ఫోన్ మీదికి వంగి చూస్తూ కూర్చున్నాం. మనకి తెలిసిన కొండలు, మనకి తెలిసిన గోదారి, ఎవరి తాతో ఎవరి అవ్వో తెలియని మొహాలు. మేం చూసినవాటిలో చాలావాటి కింద తెగ పేరు ఉంది గానీ మనిషి పేరు లేదు. ఆ మొహాలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. వాళ్ల మనవల ఇళ్లలో గోడలు ఖాళీగా ఉన్నాయి.

గోడలు ఖాళీ అని ఊరికే అనలేదు. 2022 జులై వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీరు రావడం అదే. వేలేరుపాడు, కుక్కునూరు ఊళ్లలో ఇళ్ల కప్పుల దాకా నీళ్లు. దిగిపోయాక వెళ్లి చూస్తే బియ్యం పోయాయి, కోళ్లు పోయాయి, బట్టలు బురద. ట్రంకు పెట్టెల్లో దాచుకున్న పెళ్లి ఫొటోలు, చనిపోయినవాళ్ల ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తే మొహం ఊడి అవతలి ఫొటోకి అంటుకుని వచ్చింది. పరిహారం కోసం రాసిన జాబితాల్లో గోడలున్నాయి, కప్పులున్నాయి. ఫొటో అనే గడి వాటిలో మాకెక్కడా కనపడలేదు.

మా నలుగురిలో ఒకరి ఇంట్లో ఆ నీళ్లకి మిగిలింది నాయనమ్మ ఆధార్ కార్డు. లామినేషన్ చేయించి ఉంది కాబట్టి బతికింది. ఆమె అంతకుముందే పోయింది. కార్డు మీద చిరునామా ఇంకా ఖమ్మం జిల్లా అనే ఉంది. మా మండలాలు 2014లో పశ్చిమ గోదావరిలోకి, 2022లో ఏలూరు జిల్లాలోకి వచ్చాయి, ఆమె మాత్రం ఖమ్మం జిల్లా మనిషిగానే మిగిలిపోయింది. ఫొటో గోరంత. క్యాంపులో తెల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి తీసింది. ఎవరో గదమాయించినట్టు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. దాన్ని స్టూడియోలో పెద్దది చేయబోతే గళ్లు గళ్లుగా పగిలిపోయింది. "దీన్ని చేత్తో గీయించాల్సిందే" అన్నారు. అలా మొదలైంది మా వెతుకులాట.

మాస్టారు మాకు కొల్లేటికోటలో దొరికారు. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతర. కైకలూరు నుంచి దారి పొడవునా రెండు పక్కలా చేపల చెరువులే, మధ్యలో అమ్మవారు. జీళ్ల కొట్లూ గాజుల కొట్లూ దాటి వెళ్తే ఒక నీలం పరదా కింద అట్టకి గుచ్చిన బొమ్మలు. ఎన్టీఆర్, అంబేడ్కర్, విల్లు పట్టుకున్న అల్లూరి, పళ్లు ఊడిన ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల తన మనవరాలట. మాస్టారికి యాభై దాటి ఉంటాయి. కుర్రతనంలో సినిమా బ్యానర్లు, కటౌట్లు వేసేవారు. ఇరవై అడుగుల హీరో మొహాన్ని సారవ మీద నిలబడి, దగ్గర నుంచి చూస్తే ఏదీ కనిపించని చోట ఉండి, లెక్క తప్పకుండా వేసేవాళ్లమని చెప్పారు. ఫ్లెక్సీ వచ్చింది, ఆ పని పోయింది. కొన్నాళ్లు షాపుల బోర్డులు రాశారు, వాటినీ ఫ్లెక్సీ తినేసింది. అప్పటి నుంచి జాతరల వెంట తిరుగుడు. సంక్రాంతికి భీమవరం మావుళ్లమ్మ, శివరాత్రికి పట్టిసీమ, ఫాల్గుణంలో ఇక్కడ, వైశాఖంలో ఒకసారి ఆశ్వయుజంలో ఒకసారి ద్వారకా తిరుమల కల్యాణాలకి. చినవెంకన్నకి ఏడాదికి రెండు కల్యాణాలు కావడం తనకి కలిసొచ్చిందని నవ్వారు.

ఎదురుగా కూర్చుంటే ఇరవై నిమిషాలు, రెండొందలు. ఫొటో చూసి పెద్ద బొమ్మ వేయాలంటే రెండు రోజులు, వెయ్యి. బేరమాడితే ఆడనిస్తారు గానీ తగ్గరు.

పని ఎలా చేస్తారో చెప్పాలి, ఎందుకంటే మాకు ఫొటో తీయడం నేర్పింది ఆ పనే. కార్డు మీద సన్నటి గళ్లున్న పారదర్శక కాగితం పెడతారు. డ్రాయింగు షీటు మీద అవే గళ్లు పది రెట్లు పెద్దవిగా గీస్తారు. చిన్న గడిలో ఏ గీత ఎక్కడ పోతుందో పెద్ద గడిలోనూ అక్కడే పోనిస్తారు. అది అయ్యాక గళ్లు చెరిపేసి బొగ్గుపొడి దూదితో అద్దుతారు, వేలితో రుద్దుతారు, వెలుగు కావలసిన చోట రబ్బరుతో తీస్తారు. తల ఎత్తుకి సరిగ్గా సగంలో కళ్లుంటాయట. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటుంటుందట. మేం ఒకరి మొహాలు ఒకరం వేళ్లతో కొలుచుకుని చూశాం, నిజమే. "ఈ లెక్క అందరికీ ఒకటే బాబూ" అన్నారు మాస్టారు. "ఎక్కడ ఈ లెక్క తప్పుతుందో అక్కడుంటాడు మనిషి. మీ నాయనమ్మకి ఎడమ కనుబొమ్మ కొంచెం కిందికుంది చూశారా?" మేం పుట్టి పెరిగిన ఇంటి మనిషి. మేం చూడలేదు. పొద్దున్న ఆమె కార్డు చేతిలోకి తీసుకున్న ఆయన చూశారు.

రెండో రోజు సాయంత్రం వెళ్లేసరికి బొమ్మ అయిపోవచ్చింది. కళ్లు ఆమెవే. గదమాయింపు బెదురు పోయి, మామూలుగా చూస్తోంది. మెడలో మాత్రం ఎన్నడూ లేని రెండు పేటల గొలుసు వచ్చింది, చీరకి జరీ అంచు వచ్చింది. మొహం తెల్లగా, పాలల్లో కడిగినట్టు. నుదుటి మీదా గడ్డం మీదా ఏమీ లేదు.

"పచ్చబొట్లు ఏవి మాస్టారూ?"

"పచ్చబొట్లా? కార్డులో మరకలేమో అనుకున్నా. అయినా ఉన్నా తీసేస్తాం బాబూ. అందరూ తీసేయమనే అడుగుతారు. రంగు తగ్గించమంటారు, గొలుసు వేయమంటారు. మొగాళ్లకైతే కోటు వేయమంటారు. చచ్చిపోయినోళ్లని మంచిగా చూసుకోవాలని ఉంటుంది కదా."

ఆ మాట మీద కోపం రాలేదు మాకు. నిజంగానే ప్రేమతోనే అడుగుతారు అలా. కానీ మా కోయ ఆడవాళ్లకి పచ్చబొట్టు ఉత్త చుక్క కాదు. బంగారం కొడుకులు పంచుకుంటారు, చీర మట్టిలో కలుస్తుంది, చచ్చాక వెంట వచ్చే సొమ్ము పచ్చబొట్టు ఒక్కటే అనేది నాయనమ్మే. ఆ సొమ్మే ఊడబెరికి, ఎన్నడూ లేని గొలుసు వేసి గోడకి తగిలిస్తే ఆమె ఎవరు? అదే చెప్పాం మాస్టారికి. "గొలుసు తీసేయండి, నలుపు పెంచండి, పచ్చబొట్టు మాత్రం తీసేయొద్దు మాస్టారూ." ఆయన కాసేపు మా మొహాలు చూసి "సరే, ఎన్ని చుక్కలు, ఎక్కడెక్కడ?" అన్నారు.

అక్కడ ఆగిపోయాం. కార్డు మీద గోరంత మొహంలో ఆ చుక్కలు లెక్కకి అందవు. ఆమె ఒళ్లో పెరిగిన మనవడు గడ్డం మీద మూడు అన్నాడు. ఫోన్ చేస్తే వాళ్ల నాన్న అయిదన్నాడు. మేనత్త నుదుటి మీద నిలువు గీత ఉండేదంది, చిన్నాన్న అడ్డం అన్నాడు. వెనక జాతర మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెబుతున్నారు, ముందు మేం ఫోన్ స్పీకర్ పెట్టి మా నాయనమ్మ మొహం కోసం అరుస్తున్నాం. మాస్టారు బొగ్గుచేతులు ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చున్నారు. ఇల్లు మునిగినప్పుడు కూడా మాకు అంత భయం వేయలేదు. పోయి రెండేళ్లయినా కాలేదు, ఆమె మొహం మా మధ్యే నాలుగు రకాలుగా విడిపోయింది.

దారి చూపించింది పునరావాస కాలనీలో ఉన్న చిన్నవ్వ, అంటే నాయనమ్మ చెల్లెలు. "ఇద్దరికీ ఒకే రోజు, ఒకే మనిషి పొడిచిందిరా. నాది చూసి వేయించు" అంది. పక్కింటి కుర్రాడు ఆమె మొహం ఫొటో తీసి పంపాడు. నుదుటి మీద నిలువు గీత, దాని కొసన చుక్క, గడ్డం మీద మూడు. మనవడి లెక్కే నిజం. మాస్టారు ఫోన్ మోకాలికి ఆనించుకుని, సన్నటి పెన్సిల్ చెక్కి, ఒక్కో చుక్కా పెట్టారు. తర్వాత మొహమంతా మళ్లీ బొగ్గుపొడి ఎక్కించారు. అప్పుడు ఆయన చెప్పిన మాట మేం రాసి పెట్టుకున్నాం. కాగితం ఎలాగూ తెల్లదే కాబట్టి తెల్లగా వేయడం సుళువట. నల్లటి మొహానికి కాగితమంతా నింపాలి, అందులో మళ్లీ వెలుగు వెతకాలి, పని రెట్టింపు. బ్యానర్ల కాలంలో కూడా హీరోయిన్‌కి అయిపోయాక మిగిలిన రంగుతో విలన్ మొహం వేసేవాళ్లట.

ఈ జబ్బు పెన్సిల్‌కే కాదు, కెమెరాకీ ఉంది. స్టూడియోలో పని చేసే మావాడు మొదట్నుంచీ అంటున్నదే. పెళ్లి ఆల్బమ్‌లో మొహాలన్నీ ఒక మెట్టు తెల్లబరచాకే ప్రింటుకి పంపుతారు, ఎవరూ అడక్కపోయినా. రంగుల ఫిల్ము కాలంలో కోడక్ కంపెనీ ఫొటో ల్యాబులకి ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లజాతి అమ్మాయి మొహం. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా వచ్చినట్టు. షర్లీ కార్డులనేవారు వాటిని. నల్లటి మొహాలు ఆ లెక్కకి అందక కళ్లూ పళ్లూ తప్ప కనపడకుండా పోయేవి. ఫిల్ము బాగుపడటానికి నల్లవాళ్ల గోడు ఒక్కటే సరిపోలేదు. చాక్లెట్ల కంపెనీలూ చెక్క సామాన్ల కంపెనీలూ తమ సరుకు రంగు సరిగ్గా రావడం లేదని గొడవ చేశాక కదిలారని చదివినప్పుడు మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు ఫోన్లలో బ్యూటీ అని ఒక మీట ఉంటుంది. పిల్లలకి మేం మొదట చెప్పేది దాన్ని ఆపేయమని.

ఆ రెండు రోజుల్లో బొమ్మ వేయడమే చూడలేదు, వేసే మనిషినీ ఫొటోలు తీశాం. ఆయన్ని అడిగే తీశాం. అప్పటి నుంచి ఎక్కడ బొమ్మలేసేవాళ్లు కనపడినా ఆగుతున్నాం, ద్వారకా తిరుమలలో, పట్టిసీమ తిరునాళ్లలో, ఒకసారి విశాఖ బీచ్ రోడ్డులో. ఫొటోగ్రాఫర్లకి పనికొచ్చే సంగతులు కొన్ని తెలిశాయి. ఎదురుగా నిలబడి తీస్తే గీసేవాడు బిగుసుకుపోతాడు, కూర్చున్నవాడు కెమెరా వైపు చూసి మొహం మార్చేస్తాడు, బొమ్మ పాడవుతుంది. గీసేవాడి భుజం వెనక, నేల మీద కూర్చోవాలి. అప్పుడు కాగితం మీది మొహమూ దాని వెనక అసలు మొహమూ ఒకే ఫొటోలో వస్తాయి. తెల్లకాగితం ఎండలో ఉంటే ఫోన్ దాన్నే చూసుకుని మనిషిని చీకటి చేస్తుంది, అందుకని వేలితో మొహం మీద నొక్కి వెలుగు సర్దుకోవాలి. చేతులు తీయాలి. బొగ్గు పట్టిన గోళ్లు, చివర దాకా అరిగి చెక్కిన పెన్సిలు, అట్టని ఆనించుకున్న మోకాలు. డబ్బిచ్చి కూర్చున్నవాళ్లని కూడా విడిగా అడగాలి. గీసేవాడు ఒప్పుకున్నాడు కదా అని వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు. వద్దన్నవాళ్లని ఎందుకని అడగం.

ఈ పని చిన్నదని ఎవరైనా అంటే పారిస్ సంగతి చెబుతుంటాం. అక్కడ మోమార్త్ర్ అనే గుట్ట మీద ఒక చిన్న కూడలి బొమ్మలు వేసేవాళ్లకీ మొహాలు గీసేవాళ్లకీ పేరుమోసింది. ప్రపంచమంతా అక్కడికి వెళ్లి బొమ్మ వేయించుకుంటుంది. అక్కడ కూర్చోవాలంటే నగరపాలక సంస్థ అనుమతి కావాలి, చదరపు మీటరు చోటుని ఇద్దరేసి వంతులవారీగా పంచుకుంటారు, దాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. మాస్టారికి ఇది చెబితే "చోటు రాసిస్తారా?" అని రెండుసార్లు అడిగారు. ఇక్కడ ఆయన పరదా ఒక్క రోజులో మూడుసార్లు జరిగింది. ఒకసారి బందోబస్తు వాళ్లు, ఒకసారి జెయింట్ వీల్ వాళ్లు, ఒకసారి వాన. ఆయనకి ఇంకో బెంగ ఉంది. ఫోన్‌లో ఒక మీట నొక్కితే ఫొటో పెన్సిల్ బొమ్మ అయిపోతోంది. ఒక కుర్రాడు ఆయన ముందే నిలబడి అది చేసి చూపించి వెళ్లాడట. మేమూ నాయనమ్మ కార్డు ఫొటోతో ఆ మీట నొక్కి చూశాం. చక్కటి ముసలమ్మ వచ్చింది, సినిమాలో ముసలమ్మలా. కనుబొమ్మలు రెండూ సమానంగా ఉన్నాయి.

మేం తీసిన ప్రతి ఫొటో కాగితం మీద వేయించి, తీయించుకున్నవాళ్లకి చేరవేస్తాం. గూడెం స్టూడియోలో మావాడున్నాడు కాబట్టి ప్రింటు ఖర్చుతో పోతుంది. వెనక మనిషి పేరు, ఊరు, తారీఖు రాస్తాం. మాస్టారి ఫొటో మాస్టారికి ద్వారకా తిరుమలలో ఇచ్చాం. వేల మొహాలు గీసిన మనిషి తన ఫొటోని చాలాసేపు తిప్పి తిప్పి చూసుకుని, "నాకు ఎడమ భుజం ఇంత కిందికి దిగిపోయిందా" అన్నారు. అట్ట పట్టుకుని పట్టుకుని అలా అయింది. ఆ ఫొటో ఇప్పుడు పరదా కింద ఎన్టీఆర్ పక్కన గుచ్చి ఉంది.

టీచర్లు ఇది చదువుతుంటే ఒక మాట. మా ఇద్దరి బళ్లలో పిల్లల చేత ఇంట్లో పెద్దవాళ్ల మొహాలు గీయిస్తున్నాం. గళ్ల పద్ధతి అయిదో తరగతి పిల్లలకి కూడా అందుతుంది, స్కేలూ పెన్సిలూ చాలు, లెక్కల్లో నిష్పత్తి పాఠం కూడా అందులోనే అయిపోతుంది. పచ్చబొట్లున్న అవ్వలుంటే ఎన్ని, ఎక్కడ, ఎవరు పొడిచారు అని అడిగి పక్కన రాయమంటున్నాం. ఒక పిల్ల వాళ్ల అవ్వ చేతి మీది పచ్చబొట్లన్నీ పేర్లతో సహా నోటుబుక్కు నిండా దింపుకొచ్చింది. వాటిలో సగం పేర్లు మాకు తెలియవు.

నాయనమ్మ బొమ్మ కాలనీ ఇంట్లో వరద అందని ఎత్తులో ఉంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చి చూసి, తమ ఆధార్ కార్డులు, జాబ్ కార్డులు, పింఛను పుస్తకాలు తెచ్చి ఇస్తున్నారు. మాకు తోచినంతలో మాస్టారికి చేరవేస్తున్నాం, ప్రతి దానితో పాటు రంగు, పచ్చబొట్టు, మచ్చ, ముక్కుపుడక ఏ వైపో రాసిన కాగితం కూడా. చిన్నవ్వ మాత్రం కార్డు ఇవ్వనంది. ఈసారి ఫాల్గుణంలో తనే కొల్లేటికోట వస్తుందట, ఆయన ఎదురుగా కూర్చుని వేయించుకుంటుందట. ఇరవై నిమిషాలు కదలకుండా ఉండాలని చెప్పాం. మధ్యలో చుట్ట కాల్చుకోవచ్చా అని అడుగుతోంది.